సిస్టమ్స్ చూసే అబ్బాయి ఎవరి కింద పనిచేస్తాడు?

కర్నూలులో ఇరవై ముప్పై కంప్యూటర్లున్న ఏ ఆఫీసుకైనా వెళ్ళి ఐటీ డిపార్ట్‌మెంట్ ఎక్కడని అడగండి, మెట్ల కిందో స్టోర్ రూం పక్కనో ఒక బల్ల చూపిస్తారు. ఆ బల్ల దగ్గర ఒకే ఒక్క అబ్బాయి ఉంటాడు. ప్రింటర్లో పేపరు ఇరుక్కున్నా, నెట్ రాకపోయినా, సీసీ కెమెరా ఆగినా, ఎండీ గారి ఫోన్లో వాట్సాప్ తెరుచుకోకపోయినా అతన్నే పిలుస్తారు. చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళోనూ ఆదోని, నంద్యాల వైపూ ఇలాంటి ఆఫీసుల మెయింటెనెన్స్ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా, వీటిలో మెషీన్లు చెడిపోయి ఆగే పని తక్కువ, ఏది ఎవరి బాధ్యతో తేల్చుకోక ఆగే పని ఎక్కువ.

ముందు ఆ అబ్బాయి ఎవరికి జవాబు చెప్పుకోవాలో చూడండి. చాలాచోట్ల అకౌంట్స్ మేనేజరు కింద పెడతారు. ఆయన చెడ్డవాడని కాదు, ఖర్చు ఆపడమే ఆయన ఉద్యోగం. యూపీఎస్ బ్యాటరీల సంగతే తీసుకోండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షును మామూలుగా 25 డిగ్రీల దగ్గర లెక్కగడతారు, ఆపైన ప్రతి 10 డిగ్రీలకూ అది దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో మన ఎండలు 42 దాటుతాయి, మనం యూపీఎస్ పెట్టేదేమో గాలాడని మూల గదిలో. డబ్బా మీద రాసిన ఏళ్ళు ఇక్కడ ఎలా వస్తాయి? అబ్బాయి ఇండెంట్, అంటే కొత్త బ్యాటరీలు కొనమని అడిగే కాగితం, పెడతాడు, "ఈ ఎండాకాలం కూడా లాగుతుందిలే అబ్బీ" అని దాన్ని పక్కన పడేస్తారు. ఒకరోజు కరెంటు పోయి, షట్‌డౌన్ చేసేంతసేపు కూడా బ్యాటరీ నిలవక, ట్యాలీ డేటా కరప్ట్ అయితే తిట్లన్నీ అబ్బాయికే. ఇండెంట్ ఆపినాయన సంతకం ఎక్కడా కనబడదు. అందుకే కొననంటే కొననని, కారణం ఇదని, ఆ ఇండెంట్ మీదే రాసి సంతకం పెట్టమనండి. అలా అడిగిన చోట సగం ఇండెంట్లు వెంటనే పాసైపోవడం చూశాను.

ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు కాటా గదిలో కంప్యూటర్ మాటిమాటికీ ఆఫ్ అవుతోందని పిలిస్తే వెళ్ళి విప్పాను. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) ఫ్యాను రెక్కలు కనబడకుండా దూది నుసి పరుపులా పేరుకుపోయి ఉంది. సీజన్లో పదిహేను రోజులకోసారి బ్లోయర్ కొట్టాలని ఆ గదిలో అందరికీ తెలుసు. కాటా ఆపరేటరేమో అది సిస్టమ్స్ అబ్బాయి పని అంటాడు, అబ్బాయేమో బయట పత్తి లారీలు బారులు తీరి ఉంటే కాటా ఎవరు ఆపనిస్తారు సార్ అంటాడు, ఇద్దరూ చెప్పేది నిజమే. చివరికి మిల్లు మేనేజరే పదిహేను రోజులకో సోమవారం, పొద్దున మొదటి లారీని లోపలికి వదలకముందు అరగంట క్లీనింగ్ అని ఒక కాగితం మీద రాసి, బ్లోయర్ కొట్టేది ఆపరేటరు, చూసి టిక్ పెట్టేది సిస్టమ్స్ అబ్బాయి అని పేర్లతో సహా గోడకు అంటించాడు. ఆ సీజన్లో ఆ మిల్లు నుంచి నాకు మళ్ళీ ఫోన్ రాలేదు. ప్రొసీజర్ అంటే నా దృష్టిలో అదే.

హెడ్డాఫీసు నుంచి వచ్చే నలభై పేజీల పాలసీ పీడీఎఫ్‌ల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. నెలకోసారి పాస్‌వర్డ్ మార్చాలని వాటిలో ఇప్పటికీ రాస్తున్నారు. అలా ఊరికే మార్పించొద్దని, బయటికి పొక్కినట్టు తెలిస్తేనే మార్పించమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పేసింది. నెలనెలా మార్చమంటే జనం ఏం చేస్తారు, చివర ఒక అంకె మారుస్తారు, లేదంటే కీబోర్డు కింద చీటీ అంటిస్తారు.

అసలు భయపడాల్సింది లాగిన్ల విషయంలో. కొత్తగా చేరినవాడికి లాగిన్ ఇవ్వమని మొదటిరోజే పది ఫోన్లు వస్తాయి. మానేసినవాడి సంగతి మాత్రం సిస్టమ్స్ అబ్బాయికి ఒక్కరూ చెప్పరు. ఒకచోట బిల్లింగ్ క్లర్కు దసరాకు మానేశాడు, ఉగాదికి నేను వెళ్ళేసరికి అతని లాగిన్లో రోజూ బిల్లులు పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే డిస్కౌంట్ ఇచ్చే పర్మిషన్ ఆ లాగిన్‌కే ఉంది కాబట్టి కౌంటర్లో అందరూ అదే వాడుకుంటున్నారు! 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో రికార్డయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఇలాంటి ఆఫీసులో ఆ లాగ్ తీస్తే ఎప్పుడో మానేసినవాడి పేరే వస్తుంది. దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, ఆఖరి నెల జీతం సెటిల్ చేసే కాగితం మీద "లాగిన్ తీసేశాం" అని సిస్టమ్స్ సంతకం ఉంటేనే డబ్బులు ఇవ్వమని హెచ్‌ఆర్‌కు చెప్తే చాలు.

బ్యాకప్ గురించి కర్నూలు వాళ్ళకు చెప్పక్కర్లేదు అనుకుంటా, కానీ మర్చిపోతున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చినప్పుడు కింది అంతస్తులు ఎలా మునిగాయో చూసినవాళ్ళమే. అయినా ఇప్పటికీ బ్యాకప్ హార్డ్‌డిస్క్ సర్వర్ నెత్తిమీదే ఉంటుంది, రెండూ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే. ఒక కాపీ వేరే బిల్డింగులో ఉండాలి. ఇంకొకటి, తీసిన బ్యాకప్ తిరిగి ఎక్కుతోందో లేదో నెలకోసారి ఎక్కించి చూడాలి. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే డేటాబేస్ పొరపాటున డిలీట్ అయితే, తమకున్న ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది, దాదాపు ఆరు గంటల డేటా పోయింది.

అప్‌డేట్ల విషయంలో రెండు వైపులా దెబ్బలున్నాయి. ఫైళ్ళకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ 2017 మే 12న విరుచుకుపడితే దాన్ని ఆపే ప్యాచ్ (విండోస్‌లో లోపం సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చేసి ఉంది, వేసుకోనివాళ్ళు బలయ్యారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తేడా చేసి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. కాబట్టి నేను ఉన్నచోట విండోస్ అప్‌డేట్లు ముందు రెండు మూడు సిస్టమ్స్‌లో వేస్తాం, వాటిలో ఒకటి తప్పకుండా అకౌంట్స్‌ది, రెండు రోజులు చూసి మిగతావాటికి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఆ సిస్టమ్స్ మార్చడం ఈ బడ్జెట్‌లోనా వచ్చేదానిలోనా అన్నది అబ్బాయి తేల్చే విషయం కాదు, యజమానే చెప్పాలి.

ఇక శనివారం రాత్రి స్క్రీన్ మీద డబ్బులు కట్టమని ఎర్రక్షరాలు వచ్చాయనుకోండి. గమనించిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెప్తున్నాయి. మన దగ్గర ఆ 6 గంటలూ ఎండీ గారికి ఫోన్ చెయ్యాలా వద్దా, పడుకుని ఉంటారేమో అన్న టెన్షన్లోనే గడిచిపోతాయి. ఈలోగా అది పక్క సిస్టమ్స్‌కు పాకుతుంది. అందుకే ఆఫీసుకు ఒక్క పేజీ చాలంటాను, అందులో మొదటి లైను ఇలా ఉండాలి: అనుమానం వస్తే నెట్‌వర్క్ కేబుల్ పీకేసే అధికారం సిస్టమ్స్ చూసే అతనిది, ఎవర్నీ అడగక్కర్లేదు. దాని కింద అర్ధరాత్రైనా ఎత్తే రెండు ఫోన్ నంబర్లు. బిల్లింగ్ ఆగిపోయిందని మర్నాడు ఎండీ గారు కేకలేస్తే చూపించడానికి, పేజీ చివర ఆయన సంతకం.