టార్చి వేయకుండా వడ్డించిన సాంబారు

బల్లి పడిన అన్నం తింటే ప్రాణం పోతుందని వింటూ పెరిగినవాళ్లమే మనమంతా. ఏదో ఒక ఊరి స్కూల్లో మధ్యాహ్న భోజనంలో బల్లి కనిపించిందనీ, పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్లారనీ పేపర్లో వస్తూనే ఉంటుంది. చదివినవాళ్లు అయ్యో అనుకుని, ఆ పూటకి మూతలు సరిగ్గా పెట్టుకుని ఊరుకుంటారు. మా చిన్నాడు పుట్టాక నేను ఊరుకోలేకపోయాను.

వండిన ప్రతి గిన్నెలోనూ బల్లి పడిందేమోనని అనుమానం. మొదట్లో వడ్డించే ముందు గరిటెతో ఒకసారి కలిపి చూసేదాన్ని. తర్వాత ఫోన్ టార్చి వేసి చూడటం మొదలైంది. సాంబారైతే వేరే గిన్నెలోకి వంచి, అడుగున మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పి చూసేదాన్ని. వంకాయ కూర వండటమే మానేశాను, తొడిమలు తోకల్లా కనిపించేవి. అంతా చూసి మూత పెట్టాక, ఆ మూత పెట్టేలోపు పడి ఉంటే? మళ్లీ తీయాలి. చాలా రోజులు ఆ సాంబారు చివరికి సింకులోకే పోయేది. పిల్లలు ఏదైనా తిని పడుకుంటే, అర్ధరాత్రి లేచి వాళ్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునేదాన్ని.

బాలింత చాదస్తం, అదే పోతుందిలే అన్నారు మా అత్తయ్య. మొదట చూపించుకున్న డాక్టరు, ఏదైనా పనిలో పడితే ఆలోచనలు రావని చెప్పి నిద్రమాత్రలు రాశారు. మన ఇళ్లలో తిరిగే బల్లికి విషం లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఎన్నోసార్లు చదివాను. చదివిన కాసేపు ప్రాణం కుదుటపడేది. అంతలోనే, వాళ్లు రాసింది వేరే రకం బల్లి గురించేమో అనిపించేది. తెలియక వచ్చిన భయమైతే తెలుసుకుంటే పోయేది. ఇది గోకిన కొద్దీ పెరిగే దురద లాంటిది, చూసుకున్న కొద్దీ ఇంకోసారి చూడాలనిపిస్తుంది.

దీన్ని ఓసీడీ అంటారని, అంటే వదలని అనుమానాలు, వాటిని తీర్చుకోవడానికి పదే పదే చేసే పనులు కలిసిన జబ్బు అని చెప్పింది రెండో డాక్టరు, సైకియాట్రిస్ట్. కాన్పు తర్వాత ఇది మొదలవడం, ఉన్నది ఎక్కువవడం అరుదు కాదట. సెర్ట్రలిన్ అనే మందు రాశారు. ఓసీడీకి డిప్రెషన్‌కి వాడేదానికన్నా ఎక్కువ మోతాదు అవసరమవుతుందనీ, గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చనీ ముందే చెప్పారు. చెప్పబట్టే మధ్యలో మానకుండా వేసుకున్నాను. మందుతో పాటు సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. అక్కడ చేయించిన చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్పీ. దీనికి దారి వేసింది 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్. భయపెట్టే వాటికి రోగుల్ని ఎదురుగా నిలబెట్టి, ఆ తర్వాత చేసే కడుగుళ్లూ తంతులూ చేయనివ్వకుండా ఆపారాయన.

ఎక్స్‌పోజర్ అంటే బల్లి పడిన కూర తినిపిస్తారేమోనని హడలిపోయాను. అలాంటిదేమీ లేదు. "మీ పక్కింటావిడ వంట చేసి ఎలా వడ్డిస్తుందో, మీరూ అలాగే వడ్డించాలి" అన్నారు మా సైకాలజిస్ట్. భయాల్ని నూటికి ఇంత అని మార్కులేసి వరసగా రాసుకున్నాం. ముందు బల్లి ఫొటో చూస్తూ టిఫిన్ తినడం. తర్వాత గోడ మీద బల్లి ఉండగా వంట చేయడం. ఆ తర్వాత పప్పు గిన్నె మూత కాసేపు తీసి ఉంచి, కలపకుండా, టార్చి వేయకుండా పిల్లలకి పెట్టడం. పెడుతూ నాలో నేను అనుకోవాల్సిన మాట: "ఇందులో బల్లి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, నాకు తెలీదు." ఆ మాట అనడానికి నా నోరు పెగల్లేదు. చేతులు వణికాయి. పెద్దాడు రెండోసారి పప్పు వేయమన్నాడు, వేశాను. టెన్షన్ తగ్గిందా లేదా అని చూసుకుంటూ కూర్చోవద్దన్నారు సైకాలజిస్ట్. అది ఉండగానే పిల్లల హోంవర్క్ చూడాలి, బట్టలు మడతపెట్టాలి.

మూత తీయకుండా ఉండటం నేర్చుకున్నాను గానీ, అంతకన్నా గట్టి తంతు ఒకటి మిగిలే ఉంది. మా ఆయన్ని అడగడం. "ఏమండీ, మీరు చూశారుగా, ఏం లేదుగా?" "ఏం లేదు, తిను." ప్రేమతో చెప్పిన ఆ జవాబే నా జబ్బుకి మేత అయింది. ఒక సెషన్‌కి ఆయన కూడా వచ్చారు. ఇకనుంచి నేను అడిగితే, "నీకు కష్టంగా ఉందని తెలుసు, కానీ దీనికి నేను జవాబు చెప్పను" అనాలని ముగ్గురం అనుకున్నాం. ఇంటికొచ్చాక ఆయన మొదటిసారి అలా అన్నప్పుడు, పిల్లలంటే మీకు లెక్కలేదని అరిచి ఏడ్చాను. ఆయన కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. జవాబు మాత్రం చెప్పలేదు. నా చికిత్సలో అందరికన్నా ఎక్కువ కష్టపడింది ఆయనే అంటాను.

ఇంకోటి ఎవరికీ కనిపించేది కాదు. వడ్డించేటప్పుడు మనసులో హనుమాన్ చాలీసా మొదలుపెట్టేదాన్ని, తప్పుపోతే మళ్లీ మొదటినుంచి. చెప్పడానికి భయపడ్డాను, దేవుణ్ణి మానమంటారేమోనని. సైకాలజిస్ట్ అలా అనలేదు. పొద్దున పూజలో హాయిగా చదువుకోండి, గిన్నె ముందు మాత్రం వద్దు అన్నారు. ఇప్పుడు పూజలో చదువుతుంటే దాని అర్థం మీద మనసు నిలుస్తోంది.

ఇలాంటి అనుమానాలతో నలిగిపోతూ ఎవరికీ చెప్పుకోలేనివాళ్లు ఇంకా ఎందరో ఉంటారు. దగ్గర్లో సైకియాట్రిస్ట్ లేకపోతే మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేకంగా క్లినిక్ ఉంది.

మొన్న వానల్లో చిన్నాడికి వాంతులయ్యాయి. పాత అనుమానం ఒక్కసారిగా మీద పడింది. ఓఆర్ఎస్ కలిపి తాగించి, పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. రాత్రి ఏం తిన్నాడని ఆవిడ అడిగితే ఇడ్లీ, సాంబారు అని చెప్పాను. అందులో బల్లి పడి ఉంటుందా అని మాత్రం అడగలేదు. అడగాలన్న ఆరాటం ఇంటికొచ్చేదాకా వదల్లేదు, మర్నాడు కూడా కొంచెం ఉంది. ఆ సాయంత్రం గుత్తివంకాయ కూర చేశాను.