అమ్మ చేతిలో చిన్న దోటి

జూన్ ఆఖర్లో మా అమ్మ పెరట్లో జారి పడింది. ఎడమ తుంటి విరిగితే విశాఖలో కీలు మార్చారు. డిశ్చార్జి కాగితంలో జాగ్రత్తలు రాసిచ్చారు: తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆ కాలు లోపలికి తిప్పకూడదు. కాదని వంగితే కొత్త కీలు తప్పిపోవచ్చు. మరి వంగకుండా బట్టలెలా వేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

విజయనగరం ఇంటికి తెచ్చాక మొదటి వారం అన్నీ నేనే చూశాను. చీరకి ఇబ్బంది లేదు, నిలబడి చుట్టుకోవచ్చు. లంగా తల మీంచి వేసుకుంటుంది. లోదుస్తుల దగ్గరే చిక్కంతా. కన్నకూతుర్నే, అయినా నేను కింద కూర్చుని "కాలు పెట్టమ్మా" అన్న ప్రతిసారీ మొహం గోడవైపు తిప్పుకునేది. మూడో రోజు నుంచి కాఫీ మానేసింది, మంచినీళ్లు కూడా తగ్గించేసింది. బాత్రూమ్‌కి వెళ్తే మళ్లీ నన్ను పిలవాలి కదా, అందుకు. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇలాంటివాళ్ల కోసం పొడవాటి కర్రకి కొక్కెం ఉన్న సాధనాలు అమ్ముతారు, డ్రెస్సింగ్ స్టిక్ అంటారు. ఆర్డరు పెట్టి ఎదురు చూసే ఓపిక నాకు లేకపోయింది. మాప్ కర్రని రెండున్నర అడుగులకి కోయించి, చివర స్క్రూ కొక్కెం బిగించాను. బట్ట చిరగకుండా కొక్కేనికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.

"ఇదేటే, చిన్న దోటిలాగుంది!" అంది అమ్మ. చిన్నప్పుడు తోటలో దోటితో మామిడికాయలు కోసిన చెయ్యి అది. నేర్పక్కర్లేకపోయింది.

మోకాళ్లు తుంటి కంటే పైకి రాకుండా ఎత్తు కుర్చీలో కూర్చోవాలి. బట్టలు ముందే పక్కన చేతికందేలా పెట్టుకోవాలి. లోదుస్తు నడుం దగ్గరి పట్టీని కొక్కేనికి తగిలించి నేల దాకా దించాలి. ఆపరేషన్ కాలు ముందు దూర్చాలి, తర్వాత బాగున్న కాలు. మోకాళ్ల దాకా కర్రతోనే లాగి, ఆపైన చేత్తో అందుకుని, వాకర్ పట్టుకుని లేచి పైకి లాక్కోవాలి. విప్పేటప్పుడు ఆపరేషన్ కాలు ఆఖరున. మొదటిరోజు అమ్మకి పావుగంట పట్టింది. నేను తలుపు బయట నిలబడ్డాను. పిలవలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీ అడిగింది.

సాక్సుల కోసం ప్లాస్టిక్ ఫైలు అట్టని దోనెలా వంచి, రెండు లంగా నాడాలు కట్టాను. దాని మీదకి సాక్సు తొడిగి, కిందకి జారవిడిచి, పాదం దూర్చి నాడాలు లాగితే ఎక్కుతుంది. మామూలు సాక్సులకి పనికొచ్చింది గానీ, డాక్టరు ఇచ్చిన బిగుతు మేజోళ్లకి కాదు. అవి నేనే తొడిగాను.

అమ్మకి వెనకవైపు నుంచి ఆపరేషన్ చేశారు. ముందువైపు నుంచి చేస్తే జాగ్రత్తలు వేరు, కాబట్టి మీ డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. అడిగేటప్పుడు బట్టల సంగతి మొహమాటపడకుండా అడగండి.

దసరా తర్వాత మా ఊళ్లో జరిగే పైడితల్లమ్మ పండగ, సిరిమాను మంగళవారం నాడు అమ్మ పొందూరు చీర తానే కట్టుకుని వాకర్‌తో వసారాలోకి వచ్చింది. కుచ్చిళ్లు నేలకి రెండు వేళ్లు పైకున్నాయి. సరిచేద్దామని వంగబోయాను.

"ఉండవే" అంది. గోడకి ఆనించిన దోటి అందుకుని, అంచు కిందకి లాక్కుంది.