డిసెంబరులో పుట్టిన పాప, ఏప్రిల్‌లో ట్యాక్స్ – నా అనుభవం

నిన్న రాత్రే మా ట్యాక్స్ రిటర్న్ యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చింది. అందులో పాప పేరు చేర్చడానికి పడ్డ తిప్పల కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేముండేది టెక్సస్‌లో. నాది హెచ్1బీ వర్క్ వీసా, మా ఆవిడది భార్యగా వచ్చే హెచ్4 వీసా. పాప 2025 డిసెంబరు చివర్లో పుట్టింది. "నాలుగు రోజులు కూడా లేని పిల్లని ఏడాది డిపెండెంట్‌గా (మన మీద ఆధారపడ్డ మనిషిగా) ట్యాక్స్‌లో ఎలా చూపిస్తావయ్యా" అని మా బావగారు నవ్వారు. డిసెంబరు 31 రాత్రి పుట్టినా ఆ ఏడాదంతా మనతో ఉన్నట్టే లెక్క, రూలు అదే. 2025కి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, అంటే పిల్లలున్నందుకు పన్నులో ఇచ్చే తగ్గింపు, 2,200 డాలర్లు. ఊరికే వదులుకుంటామా?

ఇన్సూరెన్స్‌లో పాప పేరు ఆన్‌లైన్‌లోనే చేర్చాం. చాలా కంపెనీల్లో పుట్టిన 30 రోజుల్లోపే చేర్చాలి, జాగ్రత్త. బర్త్ సర్టిఫికెట్ ఫీజు కట్టగానే ఇచ్చేశారు.

ఇరుక్కుపోయింది సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్ఎస్ఎన్, ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) దగ్గర. అది లేకపోతే ఈ క్రెడిట్ లేదు. ఆస్పత్రిలో నింపే బర్త్ రిజిస్ట్రేషన్ ఫారంలోనే పాపకి నంబరు కావాలా అని అడుగుతారు. కావాలనే టిక్ పెట్టాం, ఫొటో కూడా తీసి పెట్టుకున్నా. మామూలుగా కార్డు కొన్ని వారాల్లో పోస్టులో వస్తుంది. ఫిబ్రవరి వెళ్ళిపోయినా రాలేదు. ఆస్పత్రి వాళ్ళని అడిగితే మేం పంపేశాం అన్నారు. సోషల్ సెక్యూరిటీ వాళ్ళేమో మాకు అందలేదన్నారు.

సరే అని ఆ నంబరుకి దరఖాస్తు అయిన ఎస్ఎస్-5 ఫారం నింపుకుని, పాపని, మా ఆవిడని, పురిటికని వచ్చిన మా అత్తగారిని తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాం. చాలాసేపటికి పిలిచారు. కౌంటర్‌లో ఆవిడ బర్త్ సర్టిఫికెట్ తిరగేసి చూసి, "పాప ఐడెంటిటీ ప్రూఫ్?" అంది. అదేగా మీ చేతిలో ఉంది అన్నా. "ఇది పుట్టిందని చెప్పే కాగితం. ఆ తర్వాత కూడా బతికి ఉందని చూపించే కాగితం కావాలి" అంది. అప్పటికి మా పాప అద్దం అవతలికి కూడా వినబడేలా గుక్కపట్టి ఏడుస్తోంది! ఆస్పత్రిలో పాదాల ముద్రలు వేసి ఇచ్చిన అందమైన సర్టిఫికెట్ తీశా. దాన్ని ముట్టుకోనైనా లేదు, "సావనీర్" (జ్ఞాపిక) అని వెనక్కి తోసింది. మా వెనక లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఏమంటోందని అత్తగారు అడిగితే చెప్పక తప్పలేదు. "పచ్చి బాలెంత ఎదుట, పసిగుడ్డు ముందు అవేం మాటలు నాయనా!" అని ఆవిడ అక్కడే మెటికలు విరిచారు. ఇంటికొచ్చాక ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసేదాకా కుదుటపడలేదు.

రూలు నిజమేనట. నిజమైతే మాత్రం ఆ ముక్క అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పకూడదా? వాళ్ళకి కావాల్సింది పిల్లల డాక్టరు ఇచ్చే మెడికల్ రికార్డు: పేరు, పుట్టిన తేదీ ఉన్నది, అదీ ఒరిజినల్, జిరాక్స్ చెల్లదు. డాక్టరు గారి దగ్గర సంతకం పెట్టించుకుని మళ్ళీ వెళితే వేరే కుర్రాడు ఉన్నాడు, చిటికెలో అయిపోయింది. మన ఇంటిపేరు లాస్ట్ నేమ్ గడిలోనే పడిందో లేదో స్క్రీన్ మీద చూపించమని అడగండి. కార్డులో ఒకటి, రిటర్న్‌లో ఒకటి ఉంటే ఈ-ఫైల్ తిరిగొచ్చేస్తుంది.

ఇక మన ట్యాక్స్ కన్సల్టెంటు గారు. మనవాడే కదా అని వెళితే, నంబరు రాకపోతే పాపకి ఐటిన్ (ఎస్ఎస్ఎన్ రానివాళ్ళకి ట్యాక్స్ కోసం ఇచ్చే నంబరు) వేసేద్దాం అన్నాడు. ఇక్కడే పుట్టిన సిటిజన్‌కి ఐటిన్ ఎవడిస్తాడండీ? పైగా మా ఆవిడది ఐటిన్ కాబట్టి క్రెడిట్ రాదని ఇంకో బాంబు. జాయింట్‌గా ఫైల్ చేస్తే ఇద్దరిలో ఒకరికి పనికి చెల్లే ఎస్ఎస్ఎన్ ఉంటే చాలు. ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) సూచనల్లో ఉన్న సంగతే, ఒక్క ఆదివారం కూర్చుంటే నాకే అర్థమైంది. ఫీజు తీసుకునేవాడు ఆమాత్రం చదవడా?

కార్డు మార్చి ఆఖరుకి వచ్చింది. మీకు రిటర్న్ గడువు ఏప్రిల్ 15కి కూడా రాకపోతే కంగారుపడి పాప లేకుండా ఫైల్ చేసేయకండి. ఆ లోపే గడువు పెంచమని అడిగే 4868 ఫారం పెడితే అక్టోబరు 15 దాకా గడువు దొరుకుతుంది, నంబరు ఆలోగా జారీ అయితే చాలు. కట్టాల్సిన పన్ను మాత్రం ఏప్రిల్ 15కే కట్టేయాలి, దానికి గడువు పెరగదు.

చివరికి నేనే సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని ఫైల్ చేశా. ఈ ఏడాది జీతంలో కోత తగ్గేలా ఆఫీసులో డబ్ల్యూ-4 (జీతంలో పన్ను ఎంత పట్టుకోవాలో చెప్పే ఫారం) కూడా మార్చా. కన్సల్టెంటు గారు మాత్రం ఇవాళ పొద్దున కూడా వాట్సాప్‌లో "పాప ఐటిన్ డాక్యుమెంట్స్ పంపండి సార్" అని పెట్టాడు.