గోల్ ఆపినవాడినీ చూడండి

నిన్న పర్లాకిమిడిలో మా మేనల్లుడి ఫుట్‌బాల్ మ్యాచ్ చూశాను. వాడు గోల్ కీపర్. ఆట అయ్యాక అందరూ గోల్ కొట్టిన కుర్రాడి చుట్టూ మూగారు. ఆఖరి నిమిషాల్లో ఎడమవైపు దూకి, వేలికొసలతో బంతిని బయటికి తోసింది మావాడు. అది ఆపకపోతే గెలుపెక్కడిది?

"నన్నెవరూ చూడరు కదా మామయ్యా" అన్నాడు. మనసు చివుక్కుమంది.

పీటర్ తంగరాజ్ గురించి చెప్పాను. పుట్టింది హైదరాబాద్‌లో. సైన్యంలో చేరి, మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందుండి గోల్స్ కొట్టే స్థానంలో ఆడి, తర్వాత కీపర్ అయ్యాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మనం దక్షిణ కొరియాను 2-1తో ఓడించినప్పుడు గోల్ కాచింది ఆయనే. కోచ్ రహీం సాబ్ కూడా హైదరాబాద్‌వారే. 1967లో తంగరాజ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

ఫార్వర్డ్‌లు చాలామంది ముప్పై దాటితే నెమ్మదిస్తారు. కీపర్‌కు అనుభవమే బలం. ఇటలీ కీపర్ డీనో జోఫ్ 1982లో కెప్టెన్‌గా ప్రపంచకప్ గెలిచేనాటికి ఆయన వయసు 40. ఇటలీకే ఆడిన మరో కీపర్ బుఫాన్ 17 ఏళ్లకు మొదలుపెట్టి 45 ఏళ్లదాకా ఆడాడు. మావాడికి ఇంకా పదిహేనే!

వాడి గ్లవ్స్ అరచేతుల దగ్గర అరిగిపోయాయి. ఈ వారం బరంపురం వెళ్తున్నాను, కొత్తవి కొనాలి. సైజు ఎలా చూడాలో తెలిసినవాళ్లు చెప్పండి.