పిటూనియా నారు: కుండీల్లోకి మార్చాక చిగుళ్ళెందుకు పాలిపోతున్నాయి?

కారణం దాదాపు దొరికినట్టే! ట్రేలో ఉన్నన్నాళ్ళూ ముదురాకుపచ్చగా కళకళలాడిన పిటూనియా నారు, మూడంగుళాల కుండీల్లోకి మారిన కొద్దిరోజులకే పాలిపోయింది. గింజలు బాగా మొలిచాయి, నారుకుళ్ళు జాడే లేదు. చిక్కంతా కుండీ దగ్గరే.

పాత ఆకులు పచ్చగానే ఉన్నాయి. కొత్త ఆకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచి, వాటి మధ్య భాగం నిమ్మపండు రంగుకు తిరిగింది. నడిమి చిగురైతే ఇంచుమించు తెల్లబడింది. ఎవరికి చూపించినా "మార్చిన షాక్, అదే తేరుకుంటుంది" అంటారు. నేనొప్పుకోను. షాక్ అయితే మొక్క ముందు వాడాలి, ఇవి ఒక్క పూట కూడా తల వాల్చలేదు. నత్రజని లోపమైతే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇది ఇనుము అందని లక్షణమే. ఒక మొక్కను కుండీలోంచి తీసి చూశాను. ప్లగ్ గడ్డ (ట్రే గుంటలోంచి వేళ్ళతో సహా వచ్చిన ముద్ద) నిండా వేళ్ళు తెల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. కొత్త మిశ్రమంలోకి మాత్రం అరంగుళం కూడా పోలేదు, అంచుదాకా వచ్చి ఆగిపోయాయి.

కుండీలు తడిపి, అరగంట ఆగి, పైనుంచి డిస్టిల్డ్ వాటర్ పోసి, కింద కారిన 50 మిల్లీలీటర్లు పట్టి కొలిచాను. పాలిపోయిన కుండీల్లో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2, ఈసీ (కరిగిన లవణాల కొలత) 2.1. ట్రేలో మిగిలిన నారు దగ్గర పీహెచ్ 6.0, ఈసీ 0.8. పిటూనియాకు 5.5 నుంచి 6.2 మధ్య హాయి. 6.5 దాటిందంటే మిశ్రమంలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందడం కష్టం. (రెండు ముళ్ళు గుచ్చే మీటర్లను నేను నమ్మను. కోకోపీట్‌లో ఎక్కడ గుచ్చినా నా దగ్గరున్నది 7 దగ్గరే నిలబడుతుంది. నీళ్ళలో ముంచే పెన్ను మీటరే మేలు, అదీ పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకున్నాకే.)

పీహెచ్ ఎక్కడ పెరిగింది? అనుమానం రెండింటి మీద. కుండీ మిశ్రమం రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు వర్మికంపోస్ట్, ఒక పాలు పెర్లైట్. ట్రేలో వర్మికంపోస్ట్ లేదు. ట్రేకి పోసింది ఆర్వో నీళ్ళు, కుండీలకు కుళాయి నీళ్ళు. అక్వేరియం నీళ్ళ క్షారత కొలిచే కేహెచ్ కిట్‌తో చూస్తే కుళాయి నీళ్ళు 12 డిగ్రీలు, అంటే లీటరుకు సుమారు 215 మిల్లీగ్రాముల క్షారత. ఇంత చిన్న కుండీలో ప్రతి తడికీ పీహెచ్ పైకి జరిగిపోతుంది. అందుకే విడగొట్టి చూశాను. వర్మికంపోస్ట్ లేకుండా కుళాయి నీళ్ళు పోసినవి 6.6, కాస్త పాలిపోయాయి. వర్మికంపోస్ట్ వేసి ఆర్వో నీళ్ళు పోసినవి 6.8. రెండూ కలిస్తేనే 7.2. తప్పు ఒక్కదానిది కాదన్నమాట.

ఇదే మిశ్రమంలో, ఇవే నీళ్ళతో బంతి నారు మాత్రం దివ్యంగా ఉంది. బంతి ఇనుమును బాగా లాక్కుంటుంది, పిటూనియాకు ఆ శక్తి తక్కువ. అన్ని నార్లకూ ఒకటే మిశ్రమం అనే సలహా ఇక్కడే బోల్తా కొడుతుంది.

ఇంకో ముడి విడలేదు. పొడవాటి కుండీల్లో పీహెచ్ 7.1 ఉన్నా చిగుళ్ళు అంతగా పాలిపోలేదు. నా ఊహ ఇది: నీళ్ళు కారిపోయాక కుండీ అడుగున నిలిచే తడి పొర ఎత్తు, కుండీ పొట్టిదైనా పొడవుదైనా ఒకటే. కాబట్టి పొట్టి కుండీలో వేళ్ళకు మిగిలే గాలి తక్కువ. నానిన వేళ్ళు ఇనుమును సరిగా తీసుకోలేవు.

మందు విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఇడిటిఎ రకం ఐరన్ చిలేట్ (ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే మందు) ఈ పీహెచ్‌లో నిలవదు, మొక్క మొదట్లో పోయడం వృథా. ఇడిడిహెచ్ఎ రకమే కావాలి. ఆ ఎర్రటి నీళ్ళు మొక్క మొదట్లో పోసి, ఆకుల మీద పడిన చుక్కల్ని వెంటనే కడిగేశాను, లేకపోతే మచ్చలు పడతాయి. కుళాయి నీళ్ళలో సిట్రిక్ యాసిడ్ కలిపి 5.8కి దించి పోస్తున్నాను. ఇప్పుడు విచ్చుకుంటున్న ఆకులు తొడిమ దగ్గర్నుంచి పచ్చబడుతున్నాయి. చూస్తుంటే ప్రాణం లేచొచ్చింది!

తర్వాతి విడతకు వర్మికంపోస్ట్ పూర్తిగా మానేసి, పొడవాటి కుండీలకు మారి, తిండి ద్రవరూపంలోనే ఇస్తాను. ఈజీ వేవ్ అనే పిటూనియా సిరీస్ గింజలు కొన్ని మిగిలాయి. పెల్లెట్ పూత ఉండటంతో వాటిని ఒక్కొక్కటిగా వేయడం సులువు, నాకు ఆ సిరీస్ అంటే ఇష్టం కూడా. వాటితోపాటు పిటూనియాకు దగ్గరి చుట్టమైన కాలిబ్రకోవా కూడా వేస్తాను. ఇనుము దగ్గర దానిదీ ఇదే తంతు కాబట్టి, కొత్త మిశ్రమం ఎలా ఉందో దాని చిగురే ముందు చెబుతుంది.