ఒక్క ముక్కలో తేలేదా?

నిద్ర పట్టడం లేదు. ట్రాన్స్ మహిళలు, అంటే మగపిల్లలుగా పుట్టి ఆడవాళ్ళుగా బతుకుతున్నవాళ్ళు, ఆడవాళ్ళ ఆటల పోటీల్లో ఆడొచ్చా అని భోజనాల దగ్గర మాటొచ్చింది. తమ్ముడి మాటే చెవుల్లో తిరుగుతోంది. "ఇందులో ఆలోచించేదేముందక్కా, వాళ్ళు మగాళ్ళే కదా, ఆడపిల్లల పోటీల్లోకి ఎందుకు రానివ్వాలి?" అనేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఈయన కూడా తలూపారు. మా పెద్దమ్మాయి సగంలో కంచం వదిలేసి గదిలోకి వెళ్ళిపోయింది. దాని ఫ్రెండ్ కూడా ట్రాన్స్ అమ్మాయే మరి.

అసలు వాడు ఉదాహరణ చెప్పింది ఇమానే ఖలీఫ్‌ని! 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ స్వర్ణం గెలిచిన అల్జీరియా అమ్మాయి. ఆమె ట్రాన్స్ కాదురా, ఆడపిల్లగానే పుట్టి పెరిగింది అంటే "ఏదో ఒకటిలే" అన్నాడు. నాకు మండింది అక్కడే. ఒక మనిషి మీద తీర్పు చెప్పేముందు ఆ మనిషెవరో తెలుసుకోనక్కర్లేదా?

నాకైతే ఈ మాట రాగానే లారెల్ హబ్బర్డ్ గుర్తొస్తుంది. న్యూజిలాండ్ వెయిట్‌లిఫ్టర్, ట్రాన్స్ మహిళ. 2021 ఆగస్టులో, టోక్యో ఒలింపిక్స్‌లో బరిలోకి దిగేనాటికి ఆవిడకి 43 ఏళ్ళు. పతకం ఎత్తుకుపోతుందని అంతకుముందు నుంచే ఒకటే గోల. స్నాచ్‌లో, అంటే బరువుని నేల మీద నుంచి ఒక్క ఊపులో తల మీదకి ఎత్తే పోటీలో, మొదట 120 కిలోలు, తర్వాత రెండుసార్లు 125. మూడింట్లో రెండో ప్రయత్నంలో బరువు తల మీదకి వెళ్ళింది కూడా, జడ్జీలు ఒప్పుకోలేదు. మూడూ పోయాయి. చేతులతో గుండె గుర్తు చూపించి నవ్వుతూ వెళ్ళిపోయింది. అంత గోల మధ్య నవ్వడానికి ఎంత ధైర్యం కావాలి! స్వర్ణం చైనా అమ్మాయి లి వెన్‌వెన్‌కి వెళ్ళింది.

కానీ ఆవిడ ఓడిపోయింది కాబట్టి గొడవ లేదనడం న్యాయమేనా? గెలిచుంటే? యుక్తవయసులో మగ శరీరానికి వచ్చే ఎత్తు, ఎముక బలం తర్వాత హార్మోన్లు తగ్గించినంత మాత్రాన పోవు. ఆడవాళ్ళ పోటీలో న్యాయం ముఖ్యమంటూ పరుగులు, దూకుళ్ళ లాంటి పోటీలు చూసే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ 2023లో మగ యుక్తవయసు దాటిన ట్రాన్స్ మహిళలను నిషేధించింది. పుట్టినప్పటి జెండర్ జట్టులోనే ఆడాలని అమెరికాలో గాలప్ అనే సంస్థ చేసిన సర్వేకి చెప్పినవాళ్ళు 2021లో 62 శాతం, 2023లో 69 శాతం. అంతమందీ ద్వేషంతోనే అన్నారని నేను అనుకోలేను. చిన్నప్పటి నుంచి సాధన చేసి, నాలుగో స్థానంలో ఆగిపోయిన అమ్మాయి బాధా బాధే. ఆ మేరకు తమ్ముడి వైపూ న్యాయం ఉంది.

అయితే ఒలింపిక్స్ పతకం వేరు, స్కూలయ్యాక వాలీబాల్ ఆడుకునే ట్రాన్స్ పిల్ల వేరు. అక్కడ పతకాలు లేవు, రికార్డులు లేవు, తోటిపిల్లలతో కలిసి ఆడుకోవడమే. ఆ పిల్లని కూడా అదే రూలు చెప్పి బెంచీ మీద కూర్చోబెడదామంటే మాత్రం నేను ఒప్పుకోను. రేపు వాడికి ఫోన్ చేసి చెప్తాను.