తెర వెనక నూనె

2023 మే 6, శనివారం. ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర వృద్ధుల కేర్ హోమ్‌లో పనికి చేరి నాకప్పటికి నాలుగు నెలలు. పొద్దున ఏడింటికే డ్యూటీ. టిఫిన్లు అయ్యాక పెద్దవాళ్ళందరినీ హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టాం. ఛార్లెస్ రాజు పట్టాభిషేకం వస్తోంది. లండన్‌లో వాన.

నా పక్కన వీల్‌చెయిర్‌లో ఉన్న మామ్మకి 84 ఏళ్ళు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం పక్కింటి టీవీలో చూసిందట. "రాణికి పవిత్ర నూనె రాసేటప్పుడు మాత్రం చూపించలేదమ్మాయ్, ఇప్పుడూ చూపించరు చూడు" అంది.

అలాగే జరిగింది. ఛార్లెస్ రాజు మీదున్న బరువైన బట్టలన్నీ తీసేశారు. ఒట్టి తెల్లచొక్కాతో ఉన్నాడాయన. మూడు వైపులా తెర పెట్టారు. దాని మీద కుట్టిన చెట్టుకి 56 ఆకులు, కామన్వెల్త్‌లో ఒక్కో దేశానికి ఒకటి. మనదీ ఉంది. 1727 నుంచి ప్రతి పట్టాభిషేకంలోనూ పాడుతున్న, హాండెల్ అనే సంగీతకారుడు కట్టిన పాట మొదలైంది. లోపల ఆర్చిబిషప్ రాజు చేతులకి, ఛాతీకి, తలకి నూనె అద్దుతున్నాడు. బయటున్న మాకు తెర ఒక్కటే కనిపిస్తోంది.

ఒళ్ళు జలదరించింది నాకు. ఈ ఉద్యోగంలో మొదటిరోజు నేర్పిందే అది: మనిషి ఒంటి మీద చెయ్యి వేసే ముందు తెర లాగాలి.

ఆ రాత్రి రూముకెళ్ళి ఆ నూనె గురించి చదివాను. జెరూసలేంలో ఆలివ్ కొండ మీది రెండు మఠాల తోటల్లో కాసిన కాయలు. బెత్లెహేం దగ్గర గానుగాడించి, నువ్వులు, గులాబీ, మల్లె, దాల్చినచెక్క, నారింజపూల సువాసనలు కలిపారు. మార్చి 3న జెరూసలేంలోని పవిత్ర సమాధి చర్చిలో పెద్దలు ప్రార్థన చేసి పవిత్రం చేశారు. ఈసారి జంతువుల నుంచి వచ్చేదేదీ వాడలేదు. పూర్వం నూనెలో పునుగుపిల్లి నుంచి తీసే పునుగు కలిపేవారట. ఆ మాట దగ్గర ఆగిపోయాను. మాది తిరుపతి. కొండ మీద శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసేది పునుగు తైలమే. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజాము అని కూడా గుర్తు లేదు.

జులైలో రెండు రోజులు ఆఫ్ దొరికితే రాజుల కిరీటాలుండే లండన్ టవర్‌కి వెళ్ళాను. కిరీటాల దగ్గర జనం. నాకు కావలసింది పట్టాభిషేకంలో నూనె పోసే స్పూన్. వెండిది, బంగారు పూత. 12వ శతాబ్దం నాటిది. 1649లో మొదటి ఛార్లెస్ రాజుని చంపి, కిరీటాలన్నీ కరిగించేసినప్పుడు, రాజుగారి కొలువులో పనిచేసే ఒకాయన దీన్ని 16 షిల్లింగులకి కొని దాచాడు. చంపిన రాజు కొడుకు రెండో ఛార్లెస్ గద్దెకి రాగానే తిరిగి ఇచ్చేశాడు. పొడుగు 27 సెంటీమీటర్లు ఉంటుందేమో. చూడగానే మా తాతయ్య సంధ్యావందనం ఉద్ధరిణి గుర్తొచ్చింది. ఫొటోలు తీయనివ్వరు. మామ్మకి చెప్పాలి కదా అని రెండుసార్లు వెనక్కి వెళ్ళి చూశాను.

మర్నాటి సాయంత్రం ఆవిడ గదిలో తెర లాగాను. వాళ్ళమ్మాయి తెచ్చిన బాదం నూనె చేతిలో పోసుకుని, ఎండి పగిలిన వేళ్ళకి రాస్తూ స్పూన్ సంగతి చెప్పాను.

"మధ్యలో గీతలా ఉంటుంది మామ్మా. రెండు వేళ్ళు ముంచడానికి రెండు గుంటలు."

"ఏదీ, చూపించు" అంది.

నా అరచేతిలో మిగిలిన నూనెలో ఆవిడ రెండు వేళ్ళూ పట్టుకుని ముంచాను.